ఎవరూ కేకెయ్యలేదు

ఈశ్వరి ఇంకో పేరు కొట్టింది. దాని ముందు రెండు జెడ్‌లు ఉన్నాయో లేదో తెర మీద వేలు పెట్టి చూసుకుంది. ఎంటర్ నొక్కింది. అది పోయింది. దాని కింద మరో పేరు.

సర్వర్ గదిలో చలి. యంత్రాల కోసం పెట్టిన చలి అది, మనుషుల కోసం కాదు. చీర మీద మొగుడి పాత స్వెట్టర్ తొడుక్కుని, ఒక కాలు మడిచి కింద పెట్టుకుని కూర్చుంది. కుర్చీ చెయ్యి ఊడిపోతే ప్లాస్టిక్ తాడుతో కట్టుకున్నది కూడా తనే. కొత్త కుర్చీ అడగలేదు. అడిగే అలవాటు లేదు. చామనచాయ మనిషి, మెడ కింద చెమటకాయల మచ్చలు, కళ్ళ కింద నల్లటి వలయాలు. పొద్దున్న తోమిన కానాగంత చేపల వాసన సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్ళ మీంచి పోలేదు. ఆ వేళ్ళు మాత్రం కీబోర్డు మీద తడుముకోకుండా నడుస్తాయి.

కంపెనీ పని ఓడల్లోంచి దించిన సరుకుని, ఓడలకెక్కించే సరుకుని యార్డులో కుప్పలు పోయించి లారీల్లో తోలించడం. దానికి ఈ ఏడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. హైదరాబాదు నించి కోట్లు తొడుక్కున్నవాళ్ళొచ్చి, రిబ్బను కట్ చేసి, బిర్యానీ తిని వెళ్ళారు. పాతది డేటాబేస్‌లో అలాగే ఉండిపోయింది. పాత పట్టికలు, వాటి నకళ్ళు, ఆ నకళ్ళకి నకళ్ళు, ఎప్పుడో ఎవరో అవసరానికి రాసి పడేసిన చిన్నచిన్న ప్రోగ్రాములు. కొన్నిటికి మనుషుల పేర్లున్నాయి. 'రమణ టెంప్'. 'సుధ పాతది వాడొద్దు'. ఆ రమణ ఎవరో, ఆ సుధ ఎవరో ఇప్పుడు ఆఫీసులో ఒక్కడికీ తెలీదు. వాటిని ఊడ్చే పని కోట్లవాళ్ళది కాదట. ఒప్పందంలో లేదట. ఈశ్వరికి ఇచ్చారు.

ఊడవడానికి ఒక పద్ధతుంది. దేన్నీ ఒకేసారి తీసేయకూడదు. ముందు పేరు మార్చాలి, పేరుకి ముందు రెండు జెడ్‌లు తగిలించాలి. పేరు మారితే వాడుకునేవాళ్ళకి అది దొరకదు. దొరక్కపోతే ఫోన్ చేసి కేకలేస్తారు. కేక వస్తే పాత పేరు తిరిగి పెట్టెయ్యాలి. వారం దాటినా ఎవరూ కేకెయ్యకపోతే అది చెత్త, తీసేయొచ్చు. దేశమంతా ఈ పనివాళ్ళు ఇలాగే చేస్తారు. న్యాయంగానే ఉంటుంది వినడానికి. కేకెయ్యడమనేది అందరి నోటికీ అందే వస్తువే అనుకుంటే.

అకౌంట్సులో ఒకాయన రోజూ చూసుకునే రంగుల రిపోర్టు పోతే, ఆయన చేతిలో టీ చల్లారకముందే కేకొచ్చింది. ఈశ్వరి దాన్ని అప్పటికప్పుడు వెనక్కి పెట్టి, ఫోన్లో మూడుసార్లు సారీ చెబితే, పైవాళ్ళదాకా పోకుండా వదిలేశాడు. అదొక్కటే. మిగతా వారమంతా టేబుల్ మీద ఫోను మోగలేదు. మోగకూడదనే ఆమె ప్రార్థన.

ఎందుకంటే ఈ పని ఇవాళ్టితో అయిపోతుంది. పెద్దకూతురు పుట్టకముందు డేటా ఎంట్రీకని చేరింది ఈ కంపెనీలో. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇన్నేళ్ళూ ఈశ్వరి ఏజెన్సీ మనిషే. మెడలో గుర్తింపు కార్డుకి పచ్చతాడు. కంపెనీ మనుషుల మెడలో నీలంతాడు. పచ్చతాడుకి జ్వరమొస్తే జీతం కోత. పచ్చతాడుకి క్యాంటీన్లో వేరే బల్ల. ఏజెన్సీ మారినప్పుడల్లా సర్వీసు మళ్ళీ మొదటి నుంచి మొదలు. మేనేజరు శ్రీరామ్మూర్తి ఈసారి మాటిచ్చాడు. ఒక్క ఫిర్యాదు లేకుండా ఈ శుభ్రం పూర్తిచేస్తే ఆమె పేరు హెడ్డాఫీసుకి పంపిస్తానన్నాడు. కంపెనీ ఉద్యోగం. నీలంతాడు.

తలుపు తోసుకుని జోగమ్మ వచ్చింది, ఖాళీ సీసా పట్టుకుని. యార్డులో ఊడ్చే మనిషి. సబ్బవరం అవతల పొలం ఉండేది, ప్లాట్లయిపోయింది, ఆమె మల్కాపురంలో ఈశ్వరి వాళ్ళ వెనక వీధికి వచ్చి పడింది. యార్డు కుళాయిలో బొగ్గునీళ్ళొస్తాయని పొద్దున్నే ఇక్కడి కూలర్ దగ్గర నీళ్ళు పట్టుకుంటుంది. పొట్టి మనిషి. తలకి తువ్వాలు, చీర మీద మగవాళ్ళ చొక్కా. కనురెప్పల మీద కూడా నల్లపొడి.

"ఓలమ్మీ ఈస్పరీ! ఐసుపెట్టెలో కూకున్నావేటే? సేపవేటి నువ్వు, కుళ్ళిపోకండా?"

"దా పిన్నీ. నీళ్ళు పట్టుకో."

"ఏటి సేత్తన్నావు?"

"నువ్వు సేసేదే. ఊడుత్తన్నాను. పాత సామానంతా."

"కూకునే! సీపురూ లేదు, దుమ్మూ లేదు. మరి నడుం నొప్పి ఎలగొత్తాదే నీకు?"

"వస్తాది పిన్నీ. దానికేటి, దారి తెలుసు."

జోగమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. సీసా నిండేదాకా నిలబడి, ఇవాళ ఓడొచ్చిందనీ, తనని మొక్కజొన్న కుప్పలున్న ప్లాటుకి వేశారనీ, ఒలికిన గింజలు ఊడ్చి చేటలో రాళ్ళు ఏరాలనీ చెప్పింది. బొగ్గుకంటే మొక్కజొన్న నయం, దగ్గు రాదు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"అన్నట్టు మీ మరిది లారీలోనే కాపరం ఎట్టీసినాడేటే? నిన్న సాయంత్రం నానెల్లినప్పుడూ ఆడే. పొద్దున్న వచ్చినప్పుడూ ఆడే. ఆ లారీకే ఇచ్చి పెళ్ళి సేసీయండి, ఓ ఖర్సు తగ్గుతాది."

ఈశ్వరి కూడా నవ్వింది. తలుపు మూసుకున్నాక నవ్వు ఆగింది.

అశోక్ మొగుడి తమ్ముడు. యారాడలో వల వదిలేసి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఈ యార్డులోనే మేస్త్రీ కింద లారీ తోలతాడు, ఈశ్వరి ఇంట్లోనే ఉంటాడు. రాత్రి ఇంటికి రాకపోతే యారాడలో తల్లి దగ్గర పడుకున్నాడనుకుంది. ఫోన్ చేసింది.

"ఏరా, ఎక్కడున్నావు?"

"లారీ మీదే వదినా. ఓడొచ్చింది కదేటి. ట్రిప్పు మీద ట్రిప్పు." వెనక ఇంజను మోత. అరుస్తున్నాడు.

"రాత్రి?"

"రాత్రీ సేసేను. నిన్న మజ్జాన్నం ఎక్కేను, రాత్రి లాగీసేను, ఇదిగో పొద్దున్నది సేత్తన్నాను. రెండింటికి షిఫ్టు మారుతాది కదా, మళ్ళీ ఏలెట్టేసి ఇంకోటి లాగేసి ఒచ్చేత్తాను."

"గేటెలాగ ఒప్పుకుంటాదిరా? ఏలెడితే ఎర్రలైటొత్తాది కదా."

"అది లేదొదినా ఇప్పుడు! పోయినోరం నుంచీ అందరికీ పచ్చే. గేటుకి మా మీద జాలేసింది. అర్జునరావు మేస్త్రీ ఆ రోజు అందరికీ పకోడీలు తెప్పించేడు తెల్సా?"

లైను తెగిపోయింది. సిగ్నల్ లేక.

పోయిన వారం.

ఈశ్వరి జెడ్‌ల జాబితా పైకి జరిపింది. గేటు అని మొదలయ్యే పేరు ఒకటుంది. పేరు మార్చినప్పుడు తెరిచి చూడలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని పిలవడంలేదని పరీక్షలో తేలింది, అంతే చాలనుకుంది. ఇప్పుడు తెరిచింది. చిన్న ప్రోగ్రాము, ఒక పేజీ కూడా లేదు. గేటు దగ్గర మనిషి వేలు పెడితే, అతను క్రితం డ్యూటీ ఎప్పుడు దిగాడో చూస్తుంది. విశ్రాంతి చాల్లేదంటే 'వద్దు' అంటుంది. ఎర్రలైటు. కొత్త సాఫ్ట్‌వేర్ పిలవడం లేదు, నిజమే. గేటు పక్కన గోడకి దిగ్గొట్టిన పాత డబ్బా పిలుస్తోంది. జవాబు రాకపోతే ఏం చెయ్యాలో కూడా ఆ డబ్బాకి ఎవరో నేర్పిపెట్టారు. తెరిచెయ్యాలి. క్యూ ఆగకూడదు కదా.

పేరు మారింది. జవాబు పోయింది. గేటు తెరుచుకుంది. ఎవడూ కేకెయ్యలేదు.

ఎవడు కేకేస్తాడు? డ్రైవరు కేకెయ్యడు, ఆడికి కూలి పెరిగింది. మేస్త్రీ కేకెయ్యడు, ఆడికి ట్రిప్పులు పెరిగాయి. కంపెనీ కేకెయ్యదు, ఓడ తొందరగా నిండుతోంది. కేకెయ్యాల్సింది ఒంట్లో నిద్ర. దానికి నోరు లేదు.

ఒక్క లైను కొడితే పాత పేరు వచ్చేస్తుంది. రెండింటికి అశోక్ వేలు పెడతాడు, ఎర్రలైటొస్తుంది, తిట్టుకుంటూ ఇంటికొచ్చి పడుకుంటాడు. ఆ లైను కొట్టింది కూడా. ఎంటర్ మీద వేలుంచి ఆగింది. చెప్పకుండా చెయ్యకూడదు. చెప్పకుండా ఏదీ చెయ్యని మనిషి.

ఆమె వెళ్ళేసరికి శ్రీరామ్మూర్తి తన గదిలో ఇడ్లీ తింటున్నాడు. చెడ్డవాడు కాదు. ఈశ్వరి కూతురికి కాలేజీలో సీటు కోసం సెలవు రోజు వెంట వచ్చినవాడు. ఆ సంగతి కూడా రాయాలి, లేకపోతే చదివేవాళ్ళు ఎవడో రాక్షసుడి పని అనుకుని హాయిగా నిద్రపోతారు.

"సార్, గేటు ప్రోగ్రాం ఒకటి వెనక్కి పెట్టేద్దామా?"

"ఎందుకు? ఎవరైనా కేకేశారా?"

"లేదు సార్. రెస్టు లేకుండా డ్యూటీ ఎక్కేవాళ్ళని అది ఆపేది. ఇప్పుడు ఆపట్లేదు."

ఆయన చెంచా కింద పెట్టాడు. ఆయనకి అర్థమైంది. ముఖంలో కనబడింది.

"కొత్తదాంట్లో ఆ రూలు వస్తుంది ఈశ్వరీ. రెండో విడతలో."

"అప్పటిదాకా ఉంచుదాం సార్. ఒక్క లైనే."

"ఇవాళ ఓడుంది. రెండింటికి షిఫ్టు మారేటప్పుడు నీ ఒక్క లైనుతో సగం లారీలు ఆగిపోతాయి. అప్పుడొస్తాయి కేకలు. ఎవరి మీదకి? నీ మీదకి, నా మీదకి." గొంతు తగ్గించాడు. "చూడమ్మా. పని పూర్తయిందని ఇవాళ మెయిలు వెళ్తే సాయంత్రం నీ పేరు పంపిస్తాను. హెడ్డాఫీసులో అనూరాధ మేడమ్‌తో మాట్లాడేశాను. ఒక్క ఫిర్యాదు లేకుండా చేసిందని చెప్పాను. నా మాట పోగొట్టకు. ఇంతకీ ఎవరైనా అభ్యంతరం చెప్పారా, లేదా?"

లారీ మీద ఉన్నది మా మరిదే సార్ అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అశోక్ పేరు మేస్త్రీకి చేరుతుంది. రేపటినుంచి ఆణ్ణి పిలవరు. అది ఒక కారణం. రెండో కారణం నీలంతాడు. రెండిట్లో ఏది బరువో ఆమె తూచుకోలేదు.

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు."

"మరింకేం?"

వెనక్కొచ్చి కూర్చుంది. కొట్టిన లైను చెరిపేసింది. ఇంకో లైను కొట్టింది. గేటు ప్రోగ్రాము మిగతావాటిలాగే పోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. దాని కింద ఇంకో పేరు వచ్చింది, దాన్నీ తీసేసింది.

తర్వాత అశోక్‌కి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"రెండింటికి దిగిపోరా. నా మాటిను."

"సర్లే వదినా."

"ఒట్టా?"

"ఒట్టే. సేప పులుసెట్టు, వచ్చి ఒక్క నిద్దర తీత్తాను."

ఆడి గొంతులో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తాగినవాడిలాగ. తాగలేదు. ఆమెకి తెలుసు తాగలేదని. అయినా ఒట్టు నమ్మేసింది. నమ్మడం సుఖం కాబట్టి నమ్మింది.

మధ్యాహ్నం రెండింటి షిఫ్టు సైరన్ వినబడింది. క్యారియర్ విప్పి అన్నం తింది. గిన్నె కడుక్కుంది. పని పూర్తయిందని మెయిలు పంపింది. శ్రీరామ్మూర్తి తలుపులోంచి తల పెట్టి "స్వీట్లెప్పుడు?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, స్వెట్టర్ చేతుల్లోకి వేళ్ళు లాక్కుని. ఇంటికెళ్ళేటప్పుడు చింతపండు కొనాలి అనుకుంది.

కాసేపటికి ఆమెకి ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలీలేదు. కిటికీ అద్దం ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉంటుంది, లారీల మోతకి. అదరడం లేదు.

ఫోను మోగింది. వారమంతా మోగకూడదనుకున్న ఫోను.

"అక్కా, నాను నరేష్‌ని, గేటు గార్డుని." ఆ కుర్రాడు గట్టిగా మాట్లాడతాడు ఎప్పుడూ. ఇప్పుడు గుసగుసలాడుతున్నాడు. "నువ్వోపాలి కిందకి రా. మొక్కజొన్న ప్లాటు కాడికి. మీ అశోక్ బండి."

మెట్లు ఎలా దిగిందో తెలీదు. ఎండ మొహాన కొట్టింది. స్వెట్టర్ తోనే పరిగెత్తింది. అరవకూడదు, ఏడవకూడదు, ముందు చూడాలి, ముందు చూడాలి అని గొణుక్కుంటూ.

అశోక్ బతికే ఉన్నాడు. లారీ ముందు చక్రానికి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. ఒంటిమీద గీత కూడా లేదు. ఈశ్వరికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణం దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది. ఆ దణ్ణం పెట్టిన చేతుల్ని తర్వాత ఆమె ఏ నీళ్ళతో కడుక్కుంటుందో నాకు తెలీదు.

"సూల్లేదొదినా," అన్నాడు అశోక్. "కళ్ళు మూసుకోనేదు. తెరిసే ఉన్నాయి. ఎనక్కి తీత్తన్నాను. తెరిసే ఉన్నాయొదినా, సూల్లేదు."

అప్పుడు చూసింది లారీ వెనక్కి. నేలమీద నీలం టార్పాలిన్ పరిచి ఉంది. దాని కింద ఏమంత ఎత్తు లేదు. పొట్టి మనిషి కదా. టార్పాలిన్ అంచులోంచి మగవాళ్ళ చొక్కా చెయ్యి ఒకటి బయటకి ఉంది. చుట్టూ పసుప్పచ్చగా మొక్కజొన్న గింజలు, కొన్ని మాత్రం పసుప్పచ్చగా లేవు.

జోగమ్మ పిన్ని.

ఈశ్వరి మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది, ఈమె కాదే, నేను భయపడింది ఈమె గురించి కాదే, అని. లెక్కలోనే లేని మనిషి చచ్చిపోయింది. గేటు ప్రోగ్రాము తీసేసేటప్పుడు అశోక్ గురించి ఆలోచించింది, మేస్త్రీ గురించి, ఓడ గురించి, తన తాడు గురించి ఆలోచించింది. లారీ వెనక నడుం వంచి ఊడ్చే మనిషి బుర్రకి తట్టనే లేదు.

శ్రీరామ్మూర్తి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. అర్జునరావు మేస్త్రీ ఆయనకి చెబుతున్నాడు. తెల్లచొక్కా, చంకలో హెల్మెట్.

"ఆడు సూల్లేదు బాబూ, ఒప్పుకుంటాను. ముసిల్దానికైనా ఉండాలి కదేటి? బండి ఎనక్కొత్తంటే కేకెయ్యాలా, వద్దా? ఒక్క కేకేసుంటే ఆగిపోయేవోడు ఆడు. ఎవులూ ఇనలేదు బాబూ. అది కేకెయ్యనేదు."

శ్రీరామ్మూర్తి తలూపాడు. "కేకెయ్యలేదా," అన్నాడు, అడిగినట్టు కాదు, రాసుకున్నట్టు.

చుట్టూ డ్రైవర్లు. కళ్ళు ఎర్రగా. కొందరు నిలబడే తూలుతున్నారు. నూకాలు అనే పెద్ద డ్రైవరు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. పోలీసు జీపు గేటు దగ్గరికి వచ్చింది. మేస్త్రీ వాచీ చూసుకున్నాడు.

"సరే సరే. అయిందేదో అయింది. ఆ పక్క ప్లాటు బళ్ళెక్కండి. ఓడాగదు."

వాళ్ళు కదిలారు. నిజంగానే కదిలారు. అదీ ఈశ్వరి చూసింది. టార్పాలిన్ చుట్టూ తిరిగి, లారీల వైపు నడిచారు.

"ఎక్కకండి!"

ఎవరి గొంతో అనుకుంది. ఇన్నేళ్ళలో ఈ యార్డులో ఆ గొంతు ఎవరూ వినలేదు. బొంగురుగా, చీలికగా, అసహ్యంగా ఉంది.

"ఎక్కకండర్రా! గేటుకి జాలెయ్యనేదు. గేటు పాడవనేదు. మీరు నిద్దర్లేకండా ఎక్కకండా ఆపేదాన్ని నానే తీసేసేను. ఈ సేత్తోనే! పొద్దున్న తెలిసింది నాకు. తెలిసే తీసేసేను. నిన్నట్నించీ తిరుగుతన్నోళ్ళు దిగిపోండి! దిగండి!"

నూకాలు ఆగాడు. చేతిలో తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇంకొకడు ఆగాడు. ముగ్గురు నలుగురు ఆగలేదు, లారీలెక్కి కూర్చున్నారు, కానీ ఇంజను తిప్పలేదు. ఆమె వైపు చూస్తూ ఉండిపోయారు, పిచ్చిదాన్ని చూసినట్టు.

శ్రీరామ్మూర్తి దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా అన్నాడు.

"ఈశ్వరీ, లోపలికి రామ్మా. నీ పేరు ఇంకా పంపలేదు నేను."

"పంపకండి సార్."

"ఆవేశంలో ఉన్నావు."

"ఓలయ్యా, పంపొద్దంటన్నాను కదేటి!"

ఆయన అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నరేష్‌కి సైగ చేశాడు. నరేష్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, లాగలేదు, పట్టుకున్నాడంతే. ఆమె అరుస్తూనే నడిచింది. జీపులో అశోక్‌ని ఎక్కించారు. ఆ జీపులోకే ఆమె కూడా ఎక్కింది. నువ్వెక్కడికి అన్న పోలీసుకి, "రాసుకోడానికి మనిషి కావాలి కదా మీకు, నన్ను కూడా రాసుకోండి," అంది. గేటు దాటాక కూడా ఆమె గొంతు వినబడింది కొంతసేపు.

జోగమ్మని టార్పాలిన్‌తో సహా అంబులెన్సులోకి ఎత్తారు. నేలమీద నీళ్ళు కొట్టారు. లారీని పక్కకి తీశారు.

మొక్కజొన్న కుప్ప పక్కన జోగమ్మ చేట ఉండిపోయింది. అందులో ఒక పక్క గింజలు, ఒక పక్క రాళ్ళు, మధ్యలో ఇంకా ఏరనివి.